లైబ్రరీ దొరకలేదంటే తొందరపడకు పాపా

పాపా,

మీ నాయన రాత్రి ఫోన్ చేశాడు. ఆఫీసులో జీతాల ప్రోగ్రాంని కొత్త సర్వర్ మీదికి మార్చే పని నువ్వొక్కదానివే చేస్తానన్నావంట. మీ చిన్నమ్మకి రెండుసార్లు చెప్పుకున్నాను, అంత సంతోషమేసింది. తర్వాత నిద్ర పట్టలేదు.

బిల్డ్, అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా కట్టడం, మొదలుపెట్టగానే ఏదో ఒక లైబ్రరీ (మన ప్రోగ్రాం వాడుకునే, ముందే రాసిపెట్టిన కోడ్) దొరకలేదని ఆగిపోతుంది. ఎర్రర్లలో మొట్టమొదటిది చదువు. హెడర్ (లైబ్రరీలో ఏమేం ఉన్నాయో చెప్పే ఫైలు) లేదంటే అది కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ మాట, ఉబుంటు లినక్స్‌లో పేరు చివర డెవ్ అని ఉండే ప్యాకేజీ వేస్తే చాలావరకు తీరుతుంది. ముక్కలన్నీ కలిపి కట్టేటప్పుడు దొరకలేదంటే లింకర్, నడిపేటప్పుడు ఎస్‌ఓ ఫైలు (లైబ్రరీ ఉండే ఫైలు) లేదంటే దాన్ని వెతికి తెచ్చే లోడర్.

అసలు లేకపోవడం వేరు, వెతికేచోట లేకపోవడం వేరు. నీకు ఆరేళ్లప్పుడు తిరుమలలో గరుడసేవ రోజు తప్పిపోయావు, గుర్తుందా? మీ నాయన, నేను మాడ వీధుల్లో పిలుస్తూ తిరిగిందే తిరిగాం. నువ్వేమో పుష్కరిణి మెట్ల మీద మరమరాల పొట్లం పట్టుకుని కూర్చున్నావు. లైబ్రరీలూ అంతే. సొంతంగా కట్టి యూజర్ లోకల్ ఫోల్డర్‌లో పెట్టినవి, లోడర్ జాబితాని తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ కమాండ్ నడపకపోతే లోడర్ కంట పడవు.

ఇప్పుడు నీకెప్పుడూ చెప్పని సంగతి. 2011లో చిత్తూరులో ఒక ఆఫీసుకి గుర్తింపు కార్డుల ప్రోగ్రాం రాసిచ్చాను. నేను కట్టింది ఫోటోలు తెరిచే లైబ్రరీ లిబ్‌జేపెగ్ 8వ వెర్షన్‌తో. వాళ్ల మెషీన్‌లో ఉన్నది పాత 62, అంటే 6బీ వెర్షన్. లోడర్ 8 లేదంది. తిరుపతికి ఆఖరి బస్సు టైమవుతోంది. 62కే 8 అని పేరు పెట్టి సిమ్‌లింక్ (ఒక ఫైలుకి ఇంకో పేరుతో దారి చూపేది) వేశాను. ఎర్రర్ పోయింది, మెనూలన్నీ వచ్చాయి. ఒక్క ఫోటో కూడా తెరిచి చూడకుండా బస్సెక్కేశాను.

మర్నాడు మొదటి ఫోటోకే లైబ్రరీ 62, అడుగుతున్నది 80 (అంటే 8) అని ఒక్క వరుస రాసి ప్రోగ్రాం మొత్తం మూసుకుపోయింది. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. వరండాలో ఒక ముసలావిడ, ఫారం నాలుగు మడతలు పెట్టి కొంగులో ముడేసుకుని, పొద్దుట్నుంచీ కూర్చుని ఉంది. 'రేపు రమ్మంటావా నాయనా?' అంది. ఆమెకి నేనేం చెప్పగలను? ఆ గొంతు ఇప్పటికీ వినబడుతుంది.

ఆ లైబ్రరీ వెర్షన్ సరిచూసుకుంటుంది కాబట్టి ఆగింది. చూసుకోనివి తప్పు లెక్కలు వేస్తూ నడిచిపోవచ్చు. నీ చేతిలో ఉన్నవి మనుషుల జీతాలు, తల్లీ. ఎర్రర్ నోరు మూయించాలని దొంగ పేర్లు పెట్టావో, ఊరుకోను!

బిల్డ్‌ని సిద్ధం చేసే సీమేక్, లైబ్రరీకి ఒకసారి పట్టుకున్న దారిని కాష్‌లో (గుర్తుంచుకునే ఫైల్లో) దాచుకుంటుంది. దారి మార్చాక బిల్డ్ ఫోల్డర్ తీసేసి మళ్లీ కాన్ఫిగర్ చెయ్యి. అప్పగించే ముందు ఎల్‌డీడీ కమాండ్ కొట్టి ఏ లైబ్రరీ ఎక్కణ్నుంచి వస్తోందో చూడు, పోయిన నెల జీతాలు ఒకసారి వేయించి పాత లెక్కతో పోల్చు.

అన్నం మానకు. ఇరుక్కుంటే ఎర్రర్ మొత్తం కాపీ చేసి పంపు, ఏ వేళైనా సరే. ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుంటాను.

మీ చిన్నాయన
తిరుపతి