క్వింటెట్ పెడతానంటున్నాడు, ఆపాలా?

ప్రశ్న: మా అబ్బాయి మ్యూజిక్ కాలేజీలో ట్రంపెట్ నేర్చుకుంటున్నాడు, ఇది చివరి సంవత్సరం. ఆర్కెస్ట్రా ఆడిషన్లకు తయారవ్వమంటే నలుగురు ఫ్రెండ్స్‌తో కలిసి బ్రాస్ క్వింటెట్, అంటే ఇత్తడి ఊదు వాద్యాలు వాయించే అయిదుగురి గ్రూపు, పెడతానంటున్నాడు. వీడియోలు పెడితే జనం గుర్తుపడతారట. కోపమొచ్చి ఆ పిల్లల ముందే ‘గాలి ఊది బతుకుతారా?’ అన్నాను. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. రేపు ఆ నలుగురూ ఎవరి దారి వాళ్లు చూసుకుంటే వీడి గతేంటి? ఆర్కెస్ట్రా, క్వింటెట్ రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అమ్మా, వాద్యం మారుతుంది, పిల్లాడు మారతాడు, ఈ ఉత్తరం మాత్రం నాకు ఏటా వస్తూనే ఉంటుంది. మీరు పోలిక అడిగారు. కానీ మీకు నిద్ర పట్టనివ్వనిది ‘వీడి గతేంటి’ అన్న మాటే. ముందు దాని సంగతి చూద్దాం.

ఆ నలుగురిలో ఒకరైనా వెళ్లిపోతారనే అనుకోండి. ఒకరికి ఆర్కెస్ట్రాలో సీటు వస్తుంది, ఇంకొకరు పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్తారు. కెనడియన్ బ్రాస్ అనే క్వింటెట్‌ను 1970లో టొరంటోలో మొదలుపెట్టింది ట్యూబా వాయించే చక్ డేలెన్‌బాక్, ట్రాంబోన్ వాయించే జీన్ వాట్స్. ఆ తర్వాత ట్రంపెట్, హార్న్ కుర్చీల్లో ఎంతమంది మారారో! గ్రూపు మాత్రం నిలబడింది. 1960లో పుట్టిన అమెరికన్ బ్రాస్ క్వింటెట్ కూడా అంతే. మనుషులు మారుతూ వచ్చినా 1987 నుంచి న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో ఉంటూ పాఠాలు చెబుతోంది. ఒక మనిషి వెళ్లిపోయినందుకే గ్రూపులు విడిపోవు. వెళ్లిపోతే ఏం చేయాలో ముందే మాట్లాడుకోని చోట గొడవలొస్తాయి. గ్రూపు పేరు ఎవరిది, రాయించుకున్న మ్యూజిక్ నోట్స్ ఎవరివి, డబ్బు ఎలా పంచుకోవాలి, మానేసేవాళ్లు ఎన్ని నెలల ముందు చెప్పాలి. ఇవి ఒక కాగితం మీద రాసుకుని అయిదుగురూ సంతకాలు చేస్తే మీ భయం సగం తగ్గుతుంది.

ఇక పోలిక. ఆర్కెస్ట్రాలో జీతం ఉంటుంది. సీట్లే తక్కువ. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో ట్రంపెట్లు మూడో నాలుగో, ట్యూబా అయితే ఒక్కటే. ఎవరైనా రిటైరవ్వాలి, లేదా మానేయాలి, అప్పుడే ఖాళీ. ఆ ఒక్క ఖాళీ కోసం జడ్జీలకు కనిపించకుండా తెర వెనక నిలబడి కొన్ని నిమిషాల్లో తానేంటో చూపించాలి. క్వింటెట్‌లో జీతం లేదు. కచేరీలు, పాఠాలు, స్కూళ్లలో ప్రోగ్రాములు, ఆర్కెస్ట్రాల్లో ఎవరైనా రానప్పుడు వెళ్లి వాయించడం, ఇవన్నీ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది. పైగా ఈ రెండింటికీ పడదని ఎవరు చెప్పారు? ఇంగ్లండ్ ట్రంపెట్ విద్వాంసుడు ఫిలిప్ జోన్స్ 1951లో తన బ్రాస్ బృందం పెట్టి, మరోవైపు లండన్ ఆర్కెస్ట్రాల్లో ప్రధాన ట్రంపెట్‌గా ఉన్నాడు. మీవాడు ఆడిషన్ల సాధన మానక్కర్లేదు. ఆ మాట వాడికి నేను చెప్పానని చెప్పండి.

నాకు అనుమానమున్నది వీడియోల విషయంలో. ఈ మధ్య నా దగ్గరికొచ్చే ప్రతి కుర్ర గ్రూపూ ముందు ఛానెల్ పేరు చెబుతుంది, తర్వాతే ఏం వాయిస్తారో చెబుతుంది. హిట్ పాటను బ్రాస్‌కి మార్చి, మంచి బట్టలేసుకుని, మూడు నిమిషాలు వాయిస్తారు. వినడానికి బాగుంటుంది, కాదనను. ఆ మూడు నిమిషాల కోసం రోజంతా టేకుల మీద టేకులు తీస్తారు. ట్రంపెట్ వాయించేవాడి పెదవి మెషీన్ కాదు, అలిసిపోయాక బలవంతంగా ఊదితే దెబ్బ తింటుంది. కొన్నాళ్లు ఊదకుండా కూర్చోవాల్సి రావచ్చు. ఆ పాట హక్కులు వేరేవాళ్లవి, మార్చి వాయించాలంటే అనుమతి కావాలి. లైక్ కొట్టినవాళ్లంతా టికెట్ కొనుక్కుని వస్తారనుకోవడం ఇంకో పొరపాటు. గంటన్నర కచేరీ చేయగల సత్తా వచ్చాక వీడియో పెడితే అది పనికొస్తుంది. అంతకుముందే పెడితే, ఎవరైనా నిజంగా కచేరీకి పిలిచిన రోజు చేతిలో నాలుగు పాటలే ఉంటాయి. మీవాడిని ఈ ఒక్క విషయంలో నిలదీయండి, తప్పులేదు.

‘గాలి ఊది బతుకుతారా’ అన్నది మాత్రం తప్పేనమ్మా. అదీ వాడి స్నేహితుల ముందు. ఇన్నేళ్లు ఫీజులు కట్టి, ట్రంపెట్ కొనిచ్చి, ఇప్పుడు ఆ చదువునే గాలి అంటే వాడు మీతో ఏం మాట్లాడతాడు? వాడి గ్రూపు వాయించింది ఒక్కసారైనా పూర్తిగా విన్నారా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు.

ఒక కుర్ర క్వింటెట్ రిహార్సల్‌లో నేనో పూట కూర్చున్నాను. రెండు ట్రంపెట్లు, హార్న్, ట్రాంబోన్, ట్యూబా, కండక్టర్ లేడు. మొదటి ట్రంపెట్ అమ్మాయి కాస్త తలెత్తి గాలి పీల్చింది, అదే సైగ, అయిదుగురూ ఒక్కసారే ఎత్తుకున్నారు. తర్వాత ఒక్క కార్డ్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోయారు. స, గ, ప కలిసి మోగేటప్పుడు గాంధారం పియానోలో ఉన్నదానికంటే దిగాలి, అరస్వరంలో ఇంచుమించు ఏడో వంతు. హార్న్ అబ్బాయి దించుతున్నాడు, చాలడం లేదు. మధ్యమధ్యలో మీట నొక్కి గొట్టంలో చేరిన తడిని కిందున్న పాతగుడ్డ మీదకు వదులుతూ, మళ్లీ మళ్లీ ఊదాడు. ఎవరూ విసుక్కోలేదు. చివరికి కుదిరినప్పుడు నా కుర్చీ చెక్క సన్నగా వణికింది. అంత ఓపిగ్గా పనిచేసే పిల్లలు దారి తప్పిపోతారని నాకెప్పుడూ భయం వేయలేదు.

రెండేళ్లు గడువు పెట్టుకోండి. వాడు నెలకు కొంతమందికి పాఠాలు చెప్పి తన ఖర్చులు తాను చూసుకోవాలి, వచ్చిన ప్రతి ఆడిషన్‌కీ వెళ్లాలి, గ్రూపు లెక్కలు ఒకరు రాయాలి. రెండేళ్ల తర్వాత కూర్చుని మాట్లాడుకోవచ్చు. అప్పటికి గ్రూపు లేకపోయినా వాడి చేతిలో పాఠాలు, పరిచయాలు, అందరి మధ్య కలిసి వాయించే చెవి ఉంటాయి. అవి ఆర్కెస్ట్రాలోనూ పనికొస్తాయి.

ఈ వారం వాడి దగ్గరికెళ్లి, ఆ రోజు అన్నది తప్పేనని చెప్పి, రిహార్సల్‌కి రావచ్చా అని అడగండి. మొదట వద్దంటాడు. వచ్చే వారం మళ్లీ అడగండి.