బ్రెజిల్ కుడిపక్షం మీద వ్యాసం రాసిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బ్రెజిల్ రాజకీయాల మీద తెలుగులో రాయాలని నీ వయసువారికి అనిపించడమే నాకు సంతోషం, అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. నీ వ్యాసంలో అందరికీ ముందే చోట్లు నిర్ణయమైపోయాయి: కుడిపక్షం ప్రభుత్వ సంస్థలను అమ్ముతుంది, వామపక్షం కాపాడుతుంది, నల్లజాతివారూ స్వలింగ సంపర్కులూ వామపక్షంలో ఉండవలసినవారు, అటువైపు కనిపించారంటే ఎవరో ఆడించే బొమ్మలు. (మన పత్రికల అలవాటు ప్రకారం నువ్వు 'మితవాదులు' అని రాశావు. మాజీ అధ్యక్షుడు బోల్సొనారోకు ఆ మాట తగిలిస్తే చదివేవారికి నవ్వొస్తుంది. కుడిపక్షం అనే రాయి.)

ముందు పార్టీల పేర్ల సంగతి. ప్రభుత్వ టెలిఫోన్ సంస్థ టెలిబ్రాస్‌ను అమ్మిన 1998లో నేనూ ఒక వ్యాసం రాశాను. అధ్యక్షుడు ఫెర్నాండో హెన్రిక్ కార్దోజో సైనిక పాలనలో దేశం విడిచి వెళ్లవలసి వచ్చిన సామాజిక శాస్త్రవేత్త, ఆయన పార్టీ పేరులో 'సోషల్ డెమోక్రసీ' ఉంది. కనుక ఆయన వామపక్షీయుడేననీ, ఎవరి ఒత్తిడికో లొంగి అమ్మాడనీ తేల్చేశాను. అంతకు ముందటి ఏడాది వాలే గనుల సంస్థను అమ్మింది కూడా ఆ ప్రభుత్వమేననీ, ఆ పనిని బలవంతం మీద కాక నమ్మకంతోనే చేసిందనీ గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. 'ప్రోగ్రెసిస్టాస్' అనే కుడిపక్ష పార్టీ పేరుకు ప్రగతివాదులు అని నువ్వు అర్థం చెప్పి ఊరుకున్నావు. ఆ పార్టీ వంశవృక్షం పట్టుకుని వెనక్కి వెళితే 1964 నుంచి 1985 దాకా సాగిన సైనిక పాలనకు అండగా నిలిచిన అరేనా పార్టీ దగ్గర తేలతావు. బోల్సొనారో 2018లో గెలిచింది సోషల్ లిబరల్ పార్టీ తరఫున. మరుసటి ఏడాదే దాన్ని వదిలేశాడు, 2021లో లిబరల్ పార్టీలో చేరాడు.

ఇక ప్రైవేటీకరణ. ఎంబ్రాయెర్ విమానాల సంస్థ 1969లో, టెలిబ్రాస్ 1972లో పుట్టాయి. రెండింటినీ స్థాపించింది కమ్యూనిస్టులను వేటాడిన సైనిక ప్రభుత్వమే. ఆ సైన్యం నుంచి వచ్చిన బోల్సొనారో 1990లలో పార్లమెంటు సభ్యుడిగా కార్దోజో అమ్మకాలను వ్యతిరేకించాడు, అధ్యక్షుడయ్యాక 2022లో ఎలెట్రోబ్రాస్ విద్యుత్ సంస్థను తానే వదులుకున్నాడు. అయితే దాన్ని అమ్మకం అనలేదు, 'మూలధనీకరణ' అన్నారు: కొత్త వాటాలు జారీ చేశారు, ప్రభుత్వం వాటిని కొనలేదు, దాని వాటా సగం కంటే కిందికి జారింది; ఎన్ని వాటాలున్నా ఎవరి ఓటు బలమూ 10 శాతం మించకూడదని నియమం పెట్టారు. అదే నియమం మీద, తర్వాత వచ్చిన వామపక్ష అధ్యక్షుడు లూలా ప్రభుత్వం 2023లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. లూలా పార్టీకే చెందిన దిల్మా రౌసెఫ్ ప్రభుత్వం 2012లో గ్వారుల్యోస్ వంటి విమానాశ్రయాలను ప్రైవేటు సంస్థలకు అప్పగించినప్పుడు వాడిన మాట వేరు, 'కన్సెషన్'. 'పెట్టుబడుల ఉపసంహరణ' అనే మాటను ఇన్నేళ్లుగా వింటున్న మనకు ఈ విద్య కొత్తది కాదు. ఎవరు ఏ మాట వాడారో, ఆ మాట చాటున ఏ పద్ధతిలో ఏం చేతులు మారిందో రాయి. 'అమ్మేశారు' అన్న ఒక్క క్రియాపదంతో సరిపెట్టకు.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన ఎడ్వర్డో లెయ్‌చి దగ్గర నేను ఆగిపోయాను. నీ వ్యాసమంతా ఆయన మీదే ఉండవలసింది. 2021లో రియో గ్రాండే దో సుల్ రాష్ట్ర గవర్నరు, అప్పటికి కార్దోజో పార్టీవాడు. 2021 జూలైలో ఒక టీవీ ముఖాముఖిలో తాను స్వలింగ సంపర్కుడినని చెబుతూ, తాను గే అయిన గవర్నరునే తప్ప గవర్నరైన గేను కానని అన్నాడు. అదే ఏడాది మార్చిలో ఆయన ప్రభుత్వం రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ సీఈఈఈని అప్పుల భారంతో సహా ఎక్వటోరియాల్ కంపెనీకి లక్ష రియాళ్లకు (బ్రెజిల్ కరెన్సీ) అప్పగించింది. లక్ష కోట్లు కాదు, లక్షే. ఆ సంస్థను అమ్మాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్న రాష్ట్ర రాజ్యాంగ నిబంధనను శాసనసభ 2019లోనే తీసేసింది. 1959లో అక్కడి గవర్నరు లియొనెల్ బ్రిజోలా అమెరికన్ల విద్యుత్ కంపెనీని ఒక్క క్రుజైరో పరిహారంతో స్వాధీనం చేసుకున్నాడు. అంటే ఆ ఊళ్ల కరెంటు స్తంభాలు ప్రభుత్వం చేతికి వచ్చినప్పుడూ, చేజారినప్పుడూ ధర నామమాత్రమే. 2024 జనవరి తుఫాను తర్వాత ఆ రాష్ట్ర రాజధాని పోర్టో అలెగ్రెలో జనం రోజుల తరబడి కరెంటు లేక కంపెనీని తిట్టుకున్నారు. 2001లో ప్రపంచీకరణ వ్యతిరేకుల సమావేశమైన ప్రపంచ సామాజిక వేదిక మొదలైన ఊరది. 2003లో ఆసియా సామాజిక వేదిక హైదరాబాదులో జరిగినప్పుడు ఆ ఊరి పేరు మనవాళ్లలో చాలామంది నోట విన్నాను. ఇదే లెయ్‌చి 2018 రెండో విడత పోలింగులో బోల్సొనారోను సమర్థించాడు, స్వలింగ సంపర్కుల గురించి ఆయన ఎలా మాట్లాడేవాడో తెలిసి కూడా. ఇవన్నీ ఒకే మనిషి చేసినవి. వీటిలో ఒకదాన్ని మరొకదానికి కారణంగా చూపాలన్న తొందరను అణచుకుని, పక్కపక్కన పెట్టి రాయగలవా? నాకూ అంత సులువుగా చేతకాలేదు.

మిగిలినవారికి ఇంత చోటు అక్కర్లేదు కానీ బొమ్మలు అన్న మాట మాత్రం కొట్టెయ్యి. సావో పౌలోలో ఎన్నికైన తొలి నల్లజాతి మేయరు సెల్సో పిట్టాను 1996లో గెలిపించింది, సైనిక పాలన నాటి నుంచి చక్రం తిప్పిన పాలో మాలూఫ్ అండ. నల్లజాతివాడూ గే కూడా అయిన ఫెర్నాండో హాలిడే 20 ఏళ్ల వయసులో, 2016లో, నల్లజాతివారికిచ్చే కోటాలను వ్యతిరేకిస్తూనే అదే నగర మండలికి ఎన్నికయ్యాడు. 2018లో రియో రాష్ట్రం నుంచి పార్లమెంటుకు పోటీచేసినవారందరిలో ఎక్కువ ఓట్లు వచ్చింది బోల్సొనారో అనుచరుడైన నల్లజాతి సైనికుడు హెలియో లోపెస్‌కు, 3,45,000కు పైగా. బొమ్మకు అన్ని ఓట్లు ఎవరు వేస్తారు, ఎందుకు వేస్తారు అన్నది నువ్వు అడగని ప్రశ్న.

చివరగా రెండు మాటలు. పోర్చుగీసులో 'నెగ్రో' అన్నది అక్కడి ఉద్యమకారులు గర్వంగా చెప్పుకునే మాట. నువ్వు దాన్ని తెలుగులో 'నీగ్రో' చేసేసరికి తిట్టయింది. మిశ్రమ వర్ణం వారిని సూచించే 'పార్దా'ను 'చామనఛాయ' అన్నావు. అందమైన మాటే కానీ అది పెళ్లిచూపుల్లో వినపడే మాట. పార్దా జనాభా లెక్కల్లో ఒక గడి. 2022 లెక్కల్లో 45.3 శాతం మంది ఎంచుకున్న గడి, తెల్లవారమన్నవారి కంటే ఎక్కువ. ఎన్నికల నిధుల పంపకంలో అభ్యర్థి ప్రకటించుకున్న రంగునూ లెక్కలోకి తీసుకుంటారు కనుక ఆ గడి వెనుక డబ్బుంది. బాహియాలో పేరుమోసిన రాజకీయ కుటుంబపు వారసుడు ఏసీఎం నెటో 2022లో తాను పార్దానని రాసుకున్నప్పుడు రేగిన రచ్చకు అదీ ఒక కారణం. ఇదంతా మోయగల తెలుగు మాట నాకు దొరకలేదు. నీకు దొరికితే రెండో ప్రతిలో చూస్తాను. ఈసారి అచ్చు కాస్త పెద్ద అక్షరాలతో తీయించి పంపు.