అర్రేల దగ్గర ఆగిపోతే లాంగ్వేజ్ మార్చాలా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్. సాయంత్రం మెట్రోలో అమీర్‌పేట వెళ్లి, వెబ్‌సైట్లు తయారుచేసే లాంగ్వేజ్ పీహెచ్‌పీ నేర్చుకుంటున్నాను. లూప్‌ల వరకు బాగానే అర్థమైంది. అర్రేలు (ఒకే పేరు కింద చాలా విలువలు దాచుకునే జాబితాలు) మొదలయ్యాక బుర్రకెక్కడం లేదు. మొన్న మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో, అర్రేలోంచి ఒకటి తీసేసి మిగతావి ప్రింట్ చేయమన్నారు. వార్నింగ్ వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పలేకపోయాను. పైథాన్ తేలిక, దానికి మారిపొమ్మని రూమ్మేట్స్ అంటున్నారు. మారమంటారా?

జవాబు: ఇప్పుడైతే మారొద్దు. పైథాన్ మంచి లాంగ్వేజే. కానీ అక్కడికి వెళ్లినా లిస్ట్, డిక్షనరీ అనే పేర్లతో ఇదే సబ్జెక్టు ఎదురొస్తుంది. ఫీజు మాత్రం మళ్లీ కట్టాలి.

ముందు ఆ ఇంటర్వ్యూ ప్రశ్న సంగతి చూద్దాం. మీరు వచ్చే రెడ్ లైన్ స్టేషన్లనే తీసుకోండి. అమీర్‌పేట, పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్ అని నాలుగు పేర్లు ఒక అర్రేలో పెట్టారు. ఒక్కో పేరును గుర్తించే నంబర్లు, అంటే కీలు 0, 1, 2, 3. తొలగించే కమాండ్ అన్‌సెట్‌తో పంజాగుట్టను తీసేశారు. ఇప్పుడు ఎర్రమంజిల్ కీ ఎంత? చాలామంది ఠక్కున 1 అంటారు. అది ఇంకా 2 దగ్గరే ఉంది. పీహెచ్‌పీ మిగతావాటిని ముందుకు జరపదు. కౌంట్, అంటే మొత్తం ఎన్ని ఉన్నాయో అడిగితే మాత్రం 3 అంటుంది.

మీరు బహుశా 0 నుంచి మొదలుపెట్టి కౌంట్ దాటకుండా ఫర్ లూప్ రాసి ఉంటారు. 0 దగ్గర అమీర్‌పేట వచ్చింది. 1 దగ్గర ఆ కీ లేదని వార్నింగ్ వచ్చింది. 2 దగ్గర ఎర్రమంజిల్ వచ్చింది, అంతటితో లూప్ అయిపోయింది. ఖైరతాబాద్ దాకా వెళ్లనే లేదు. ఫోర్‌ఈచ్ లూప్ అయితే ఉన్న కీల మీదే తిరుగుతుంది కాబట్టి మూడు పేర్లూ వచ్చేవి. లేదంటే అర్రే వాల్యూస్ ఫంక్షన్‌తో 0 నుంచి మళ్లీ నంబర్లు వేయించుకోవచ్చు.

ఇది ఇంటర్వ్యూ కోసం పుట్టించిన చిక్కు ప్రశ్న అనుకోకండి. షరతుకు సరిపోయినవాటినే ఉంచే అర్రే ఫిల్టర్ కూడా పాత కీలనే అట్టిపెడుతుంది. మధ్యలో ఖాళీలున్న ఆ అర్రేను జేసన్‌గా (డేటా పంపుకునే టెక్స్ట్ రూపం) మార్చి పంపితే, అవతల బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌కు లిస్ట్ బదులు ఆబ్జెక్ట్ అందుతుంది. లిస్ట్ మీద నడిచే మ్యాప్ పనిచేయదు, పేజీ ఖాళీగా కనిపిస్తుంది. ఇక పేజీ చూసుకునే ఫ్రంటెండ్ వాళ్లు సర్వర్ చూసుకునే బ్యాకెండ్ వాళ్లనీ, వాళ్లు వీళ్లనీ అనుకుంటూ సగం రోజు గడిచిపోతుంది.

మీ తికమకకు కారణం ఉంది. డిగ్రీలో సీ లాంగ్వేజ్ చదివి ఉంటారు. అక్కడ ఇండెక్స్ అంటే స్థానం. పీహెచ్‌పీలో అర్రే అంటే కీ, వాల్యూ జతల వరుస. నంబర్ కూడా ఒక కీ మాత్రమే. పైథాన్ లిస్ట్, డిక్షనరీ అని రెండు రకాలుగా విడదీసిన పనిని పీహెచ్‌పీ ఒకే అర్రేకి అప్పగించింది. ఈ సంగతి మొదటి రోజే బోర్డు మీద గీసి చూపించే ఫ్యాకల్టీ దొరకడం అదృష్టమే.

కాబట్టి కొన్నాళ్లు కంప్యూటర్‌తో పాటు నోట్‌బుక్ కూడా దగ్గర పెట్టుకోండి. ప్రతి లైను తర్వాత అర్రేలో ఏ కీలున్నాయో ముందు కాగితం మీద రాయండి, ఆ తర్వాతే అర్రే మొత్తం చూపించే ప్రింట్ ఆర్‌తో సరిచూసుకోండి. పై అర్రేకి ఖాళీ బ్రాకెట్లతో లక్డీకాపూల్ చేరిస్తే దాని కీ 4 అవుతుంది. ఖాళీగా ఉన్న 1లోకి వెళ్లదు. వర్ డంప్ అయితే టైపులు కూడా చూపిస్తుంది. కొటేషన్లలో '8' అని రాసిన కీ నంబర్‌గా మారిపోతుంది, '08' మాత్రం స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాలుగానే ఉంటుంది. రోల్ నంబర్లతో పనిచేసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. ప్రతి విలువ మీదా ఒక ఫంక్షన్ నడిపే అర్రే మ్యాప్‌లో ఫంక్షన్ ముందు రాయాలి, అర్రే ఫిల్టర్‌లో అర్రే ముందు రాయాలి. ఎందుకలా అంటే పీహెచ్‌పీ అంతే! బట్టీ పట్టకండి, మాన్యువల్ చూసి రాయండి.

తర్వాత మీ హాస్టల్ మెస్ బిల్లుల మీద చిన్న ప్రాజెక్టు చేయండి. ఒక్కొక్కరికి పేరు, రూమ్, బాకీ ఉన్న అర్రే; అవన్నీ కలిపి పెద్ద అర్రే. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నుంచి డేటా సాధారణంగా ఈ రూపంలోనే తెచ్చుకుంటాం. బాకీ ఉన్నవాళ్లను విడదీయడం, ఎక్కువ బాకీ నుంచి వరుసగా పెట్టడం, రూమ్ వారీగా మొత్తం వేయడం, ఈ మూడూ ఎవర్నీ అడక్కుండా రాయగలిగితే మరో ఇంటర్వ్యూకు ధైర్యంగా వెళ్లొచ్చు.

మన ఊళ్లో పీహెచ్‌పీ పని ఎక్కువగా వర్డ్‌ప్రెస్, లారావెల్ (పీహెచ్‌పీతో సైట్లు కట్టే సాధనాలు) ప్రాజెక్టులు చేసే చిన్న, మధ్యతరహా కంపెనీల్లో దొరుకుతుంది. పెద్ద సర్వీస్ కంపెనీలే మీ గురి అయితే జావా గానీ పైథాన్ గానీ పట్టుకోవడం మేలు, అదీ ఈ ప్రాజెక్టు పూర్తయ్యాకే. వెబ్ పనిలోనే ఉంటానంటే మాత్రం తర్వాత నేర్వాల్సింది జావాస్క్రిప్ట్. అందులోనూ మొదట అర్రేలే చూడండి: ఏమీ చెప్పకుండా సార్ట్ చేయమంటే అది అంకెల్ని అక్షరాల్లా పోల్చి 10ని 9 కంటే ముందు పెడుతుంది.