కొత్త డ్రైవ్ జోలికి వెళ్లే ముందు పాత డ్రైవ్ కేబుల్ తీసేయండి

ప్రశ్న: మేడమ్ గారూ, కొత్తగా 1 టీబీ ఎస్ఎస్‌డీ కొన్నాను. ముందు మా పాత విండోస్ 7 కంప్యూటర్‌కి తగిలిస్తే ఏదో అడిగింది, మొదట ఉన్నదానికే ఓకే కొట్టాను. ఇప్పుడు కొత్త కంప్యూటర్‌లో పెట్టి విండోస్ వేస్తుంటే ‘ఈ డిస్క్‌లో విండోస్ వేయడం కుదరదు, ఇందులో ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది’ అని ఎర్రర్ వస్తోంది. ఒకరు డిలీట్ నొక్కమంటారు, ఇంకొకరు ఫార్మాట్ కొట్టమంటారు. పాత హార్డ్ డిస్క్ కూడా ఇదే కంప్యూటర్‌లో ఉంది. నా థీసిస్, పదేళ్ల ఫోటోలు అందులోనే ఉన్నాయి. కాలూ చేయీ ఆడటం లేదు. ఎస్ఎస్‌డీ పాడైందంటారా?

జవాబు: ఎస్ఎస్‌డీకి ఏమీ కాలేదమ్మా. డిలీట్ నొక్కకుండా ఆగి ఉత్తరం రాశారు, చాలా మంచి పని చేశారు. ఇప్పుడు కంప్యూటర్ ఆఫ్ చేసి, కరెంటు వైరు తీసేసి, పాత హార్డ్ డిస్క్ కేబుల్ ఊడదీయండి. పార్టిషన్ల (డిస్క్‌ను విడగొట్టిన భాగాల) సంగతి ఆ తర్వాతే.

నేనెందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. కొన్నేళ్ల క్రితం మా అక్క కంప్యూటర్‌లో కొత్త డిస్క్ వేస్తున్నాను. పాతదీ కొత్తదీ రెండూ 500 జీబీవే, కమాండ్ ప్రాంప్ట్‌లో (కమాండ్లు టైప్ చేసే నల్ల కిటికీలో) రెండూ 465 జీబీ అనే కనిపిస్తున్నాయి. 0 నంబరు పాతది, 1 నంబరు కొత్తది అయి ఉంటుందని నాకు నేనే అనేసుకున్నాను. 1ని సెలెక్ట్ చేసి ‘క్లీన్’ అని కొట్టాను. ఆ కమాండ్ మళ్లీ ఒకసారి అడగదు. ఒక్క సెకనులో పని అయిపోయింది, ఖాళీ అయింది మాత్రం పాత డిస్క్. పిల్లల చిన్నప్పటి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. ‘క్లీన్’ పార్టిషన్ల వివరాలనే చెరుపుతుంది, లోపలి ఫైళ్ల మీద ఏమీ రాయదు. అందుకే ఆ డిస్క్‌ను ఇంకేమీ ముట్టుకోకుండా, టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో రాత్రంతా కూర్చుని పార్టిషన్లు వెనక్కి తేగలిగాను. అదే ‘క్లీన్ ఆల్’ అని కొట్టి ఉంటే డిస్క్ మొత్తాన్ని సున్నాలతో నింపేసేది, ఇక ఎవరూ ఏమీ చేయలేకపోయేవారు. ఆ రాత్రి అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తెల్లారేదాకా నా పక్కనే కూర్చుంది. అప్పటినుంచి, రెండో డిస్క్ తగిలించి ఉండగా నేను పార్టిషన్ పని మొదలుపెట్టను. డిస్క్ నంబర్లు ఏది ముందు కొన్నామన్నదాన్ని బట్టి రావు. ఏ పోర్టుకి ఏది తగిలించాం, కంప్యూటర్ దేన్ని ముందు గుర్తించింది అన్నదాన్ని బట్టి వస్తాయి.

పాతదాన్ని తీయమనడానికి ఇంకో కారణమూ ఉంది. పాత డిస్క్‌లో ఇంతకుముందే విండోస్ ఉంటే, కొత్త విండోస్ తన బూట్ ఫైళ్లను (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ఫైళ్లను) చాలాసార్లు ఆ పాత డిస్క్ మీదున్న పార్టిషన్‌లోనే పెట్టేస్తుంది. అంతా బాగానే నడుస్తుంది. ఆరు నెలల తర్వాత ఎవరో పాత డిస్క్ తీసేస్తారు, ఆ రోజు కంప్యూటర్ బూట్ అవదు. అందరూ కొత్త ఎస్ఎస్‌డీ పోయిందనుకుంటారు.

ఇక ఎర్రర్ సంగతి. డిస్క్‌లో ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుకునే పద్ధతులు రెండున్నాయి. ఎంబీఆర్ పాతది, 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చింది. జీపీటీ కొత్తది. ఇప్పటి కంప్యూటర్లు పాత బయోస్ అనే స్టార్టప్ ప్రోగ్రామ్ బదులు యూఈఎఫ్ఐ అనే కొత్తదానితో మొదలవుతాయి. అలా మొదలైనప్పుడు విండోస్ జీపీటీ డిస్క్ మీదే దిగుతుంది. మీరు విండోస్ 7లో ఓకే కొట్టినప్పుడు ఎంబీఆర్ ఎంపికైపోయింది. జరిగింది అంతే.

పాత డిస్క్ తీసేశాక విండోస్ సెటప్‌ను మళ్లీ మొదలుపెట్టండి. డ్రైవ్‌లు చూపించే చోట ఇప్పుడు 931 జీబీ డిస్క్ ఒక్కటే ఉండాలి. ఇంకొకటి కనిపిస్తే అది మీ పెన్‌డ్రైవ్, సైజు చూస్తేనే తెలిసిపోతుంది, దాన్ని ముట్టుకోవద్దు. ఎస్ఎస్‌డీ మీదున్న పార్టిషన్లన్నీ డిలీట్ చేయండి. మొత్తం అన్‌అలొకేటెడ్ అని ఒకే ముక్కగా మిగులుతుంది. ‘న్యూ’ నొక్కకుండా, ఫార్మాట్ కొట్టకుండా, ఆ ఖాళీ జాగానే ఎంచుకుని నెక్స్ట్ నొక్కండి. జీపీటీగా మార్చడం, కావాల్సిన పార్టిషన్లు చేసుకోవడం సెటప్పే చూసుకుంటుంది. అలా చేసినా అదే ఎర్రర్ వస్తే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి, నల్ల కిటికీ తెరుచుకుంటుంది. ‘డిస్క్‌పార్ట్’, ‘లిస్ట్ డిస్క్’, ‘సెలెక్ట్ డిస్క్’ అని డిస్క్ నంబరు, ఆ తర్వాత ‘డీటెయిల్ డిస్క్’. ఈ చివరిది డ్రైవ్ మోడల్ పేరు చూపిస్తుంది. ఎస్ఎస్‌డీ పెట్టె మీదున్న పేరు అదేనా అని సరిపోల్చుకున్నాకే ‘క్లీన్’, ఆపైన ‘కన్వర్ట్ జీపీటీ’. పాత డ్రైవ్‌ను విప్పడం వీలుకాని ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి కూడా ఈ మోడల్ పేరే ఆధారం.

విండోస్ దిగాక 100 ఎంబీ, కొన్ని వందల ఎంబీ అంటూ చిన్న పార్టిషన్లు కనిపిస్తాయి. మొదటిది బూట్ ఫైళ్లది, చివరిది రిపేరుకి పనికొచ్చేది. జాగా వృథా అని వాటిని చెరిపేస్తారేమో, దయచేసి ఆ పని చేయకండి. అంతా సరిగ్గా ఉందనుకున్నాక కంప్యూటర్ ఆఫ్ చేసి పాత డిస్క్ తిరిగి తగిలించండి. థీసిస్ ఇంకో చోటికి కాపీ చేసుకోవడం ఆ రోజే అయిపోవాలి.

ప్రశ్న: పెట్టె మీద 1 టీబీ అని ఉంది, కంప్యూటర్ 931 జీబీ అంటోంది. మిగతాది ఏ పార్టిషన్‌లో ఉంది?

జవాబు: ఎక్కడా లేదు. తయారీదారులు టీబీ అంటే లక్ష కోట్ల బైట్లని లెక్కిస్తారు. విండోస్ అదే సంఖ్యను మూడుసార్లు 1024తో భాగించి జీబీ అని చూపిస్తుంది. మీ డ్రైవ్ మొత్తం మీ దగ్గరే ఉంది.

ప్రశ్న: 4 టీబీ హార్డ్ డిస్క్ పెట్టాను. ముందు అసలు కనిపించలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఇనీషియలైజ్ చేశాను. ఇప్పుడు 2048 జీబీ వరకే వాడుకోనిస్తోంది, మిగతా 1678 జీబీ అన్‌అలొకేటెడ్ అని ఉంది, దాని మీద రైట్ క్లిక్ చేస్తే ఏదీ పని చేయడం లేదు. ఇప్పటికే 300 జీబీ వీడియోలు ఎక్కించాను.

జవాబు: మీరూ ఎంబీఆరే ఎంచుకున్నారు సార్. డిస్క్‌ను 512 బైట్ల గళ్లుగా లెక్కపెడుతూ, గడి నంబరును 32 బిట్లలో రాసుకుంటుందది. 32 బిట్లలో పట్టేది దాదాపు 429 కోట్ల నంబర్లు. ఒక్కో గడి 512 బైట్లు కాబట్టి మొత్తం 2.2 లక్షల కోట్ల బైట్లు, అంటే విండోస్ లెక్కలో సరిగ్గా 2048 జీబీ. అది దాటితే రాసుకోవడానికి ఎంబీఆర్ దగ్గర నంబరే లేదు. అందుకే ఆ జాగా కంటికి కనిపిస్తుంది కానీ చేతికి అందదు.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘కన్వర్ట్ టు జీపీటీ డిస్క్’ అని ఉంటుంది కానీ, డిస్క్ మీద ఒక్క పార్టిషన్ కూడా లేనప్పుడే అది పని చేస్తుంది. కాబట్టి ఆ 300 జీబీని ముందు ఇంకో చోటికి కాపీ చేయండి. చేసి ఊరుకోకుండా నాలుగైదు వీడియోలు తెరిచి, చివరిదాకా ఆడుతున్నాయో లేదో చూడండి. ఆ తర్వాత వాల్యూమ్‌ను (అంటే ఆ పార్టిషన్‌ను) డిలీట్ చేసి, డిస్క్ నంబరు రాసి ఉన్న ఎడమవైపు గడి మీద రైట్ క్లిక్ చేస్తే ఆ ఆప్షన్ వస్తుంది. తర్వాత కొత్త వాల్యూమ్ చేసుకోండి. ఎంబీఆర్2జీపీటీ అని విండోస్‌లోనే ఒక పనిముట్టు ఉంది, డేటా పోకుండా మారుస్తుంది కానీ అది విండోస్ ఉన్న డిస్క్ కోసం. మీలా ఫైళ్లు దాచుకునే డిస్క్‌కి కాదు.

ప్రశ్న: పాత 256 జీబీ ఎస్ఎస్‌డీని క్లోన్ చేసి 1 టీబీలోకి మార్చాను. సి డ్రైవ్ ఇంకా పాత సైజులోనే ఉంది. పక్కన బోలెడు ఖాళీ ఉన్నా ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వడం లేదు. మళ్లీ మొదటినుంచి విండోస్ వేయాలా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: వేయక్కర్లేదు. ఖాళీ జాగా సి డ్రైవ్‌కి కుడి పక్కనే, ఆనుకుని ఉంటేనే ఆ ఆప్షన్ వెలుగుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ చూపించే బొమ్మలో ఒకసారి చూడండి, సి డ్రైవ్‌కి ఖాళీకి మధ్యలో రికవరీ పార్టిషన్ చిన్నది ఒకటి కూర్చుని ఉంటుంది.

మీ పాత ఎస్ఎస్‌డీ ఇంకా చెరపలేదు కదా, ఇది పూర్తయ్యేదాకా దాన్ని అలాగే విడిగా పెట్టండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సౌకర్యం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోండి. ఆ తర్వాత పనికి నాకు నచ్చిన దారి జీపార్టెడ్ అనే పార్టిషన్ ప్రోగ్రామ్. దాని లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రికవరీ పార్టిషన్‌ను ఖాళీ జాగా చివరికి జరపండి. జరిపేటప్పుడు కరెంటు పోకూడదు, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచండి. మళ్లీ విండోస్‌లోకి వచ్చి చూస్తే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ వెలిగి ఉంటుంది. అక్కడే సి డ్రైవ్‌ను పెంచుకోండి. చివరగా అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘రీఏజెంట్‌సీ’ కమాండ్‌ను ‘ఇన్ఫో’ ఆప్షన్‌తో ఇస్తే రికవరీ ఎనేబుల్డ్ అని రావాలి. డిసేబుల్డ్ అని వస్తే అదే కమాండ్‌ను ‘ఎనేబుల్’ ఆప్షన్‌తో మళ్లీ ఇవ్వండి. వారం రోజులు కంప్యూటర్ ఇబ్బంది లేకుండా నడిచాకే పాత 256 జీబీని వేరే పనికి వాడుకోండి.