అడిగినవారికి: "మన వాళ్ళు" అనే మాట దగ్గరే మొదలవుతుంది

విదేశాంగ విధానం ఢిల్లీలో తేలే వ్యవహారం కదా, అందులోకి భాష, సంస్కృతి ఎలా వస్తాయి, ఎవరైనా దగ్గర్నుంచి చూశారా అని అడిగారు. నేను చూశాను. మాది కాకినాడ. ఉద్యోగం కోసం చెన్నై వచ్చిన మూడో ఏడు, 2013 మార్చిలో, మా ఆఫీసు క్యాంటీన్‌లో చూశాను.

శ్రీలంక యుద్ధం 2009 మేలో ముగిసింది. ఆ యుద్ధంలో ఓడిన తమిళ పులుల (ఎల్టీటీఈ) నాయకుడు ప్రభాకరన్ చిన్న కొడుకు, పన్నెండేళ్ళ బాలచంద్రన్ ఫొటోలు మాత్రం 2013లో బయటికొచ్చాయి. ఒకదాంట్లో కూర్చుని ఏదో తింటున్నాడు. ఇంకోదాంట్లో ఛాతీ మీద తూటా గాయాలతో పడి ఉన్నాడు. లయోలా కాలేజీ విద్యార్థులు నిరాహార దీక్షకు కూర్చుంటే, రోజుల్లోనే అది రాష్ట్రమంతా పాకింది. మార్చి 19న డీఎంకే కేంద్ర ప్రభుత్వం నుంచి తప్పుకుంది. ఆ ఏడాది చెన్నైలో జరిగిన ఐపీఎల్ మ్యాచ్‌లలో శ్రీలంక ఆటగాళ్ళను ఆడనివ్వలేదు.

మా టీంలో రామనాథపురం నుంచి వచ్చిన తమిళ కుర్రాడు ఒకడుండేవాడు. నన్ను అక్కా అనేవాడు. భోజనాల దగ్గర వాడికి నేను చెప్పిందేమిటంటే, శ్రీలంకలోని హంబన్‌తోటలో చైనా రేవు కడుతోంది, మనం కొలంబోతో తెగదెంపులు చేసుకుంటే ఆ ఖాళీలోకి వచ్చేది వాళ్ళే అని. పేపర్లో చదివిన లెక్క అది. తప్పని ఇప్పటికీ అనుకోను. వాడు ప్లేటు పక్కకు జరిపి, "ఆ బాబు మీ ఊరివాడైతే ముందు ఈ లెక్కే వేసేదానివా అక్కా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి నానమ్మకి ఫోన్ చేశాను. మా గోదావరి జిల్లాల్లో బర్మాని రంగం అనేవారు. కోరంగి రేవు నుంచి ఎంతమంది ఓడలెక్కారంటే, అక్కడ ఇండియా వాళ్ళని కొరింగీలని పిలిచేవారు. నానమ్మ వాళ్ళ అన్నయ్య రంగంలో కొట్టు పెట్టుకున్నాడు. 1962లో నే విన్ సైన్యంతో అధికారం పట్టాడు, తర్వాత కొట్లన్నీ జాతీయం చేశాడు. ఆయన ఒక ట్రంకు పెట్టెతో తిరిగొచ్చాడు. అలా వచ్చిన తెలుగువాళ్ళ కోసమే విశాఖలో బర్మా క్యాంపు వెలిసింది. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గరి బర్మా బజార్ కూడా అలా తిరిగొచ్చిన వాళ్ళు పెట్టుకున్నదే. "మరి మనవాళ్ళెవరూ గొడవ చెయ్యలేదా?" అంటే, "ఎవరు చేస్తారే, వచ్చినవాళ్ళకి అన్నం పెట్టుకోవడమే సరిపోయింది" అంది.

మీ ప్రశ్నకి నా జవాబు అక్కడే దొరికింది. ఏం చెయ్యాలో సంస్కృతి చెప్పదు. ఎవరికి దెబ్బ తగిలితే మనకి తగిలినట్టో అది చెబుతుంది. ఆ మనిషి ఫలానా వర్గానికి "మనవాడు" అయ్యాకే ఢిల్లీలో ఫైలు కదులుతుంది. అప్పుడైనా కోపమే గెలుస్తుందని లేదు. 2012లో, 2013లో జెనీవాలోని ఐరాస మానవ హక్కుల మండలిలో శ్రీలంక మీద తీర్మానానికి అనుకూలంగా ఓటేసిన మన ప్రభుత్వమే 2014లో ఓటింగుకి దూరంగా ఉండిపోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది చెన్నైలో కూర్చుంటే కనబడదు. తర్వాత ఒకసారి ఆ రామనాథపురం కుర్రాడి ఇంట్లో పెళ్ళికని రామేశ్వరం వైపు వెళ్ళాను. ఇక్కడ టీవీలో వచ్చేదంతా కచ్చతీవు, లంక నేవీ, అరెస్టయిన జాలర్లు. కచ్చతీవు రామేశ్వరానికి, శ్రీలంకకి మధ్య ఉన్న 285 ఎకరాల దీవి. 1974 ఒప్పందంతో శ్రీలంకకి వెళ్ళింది. 1976 మార్చిలో ఉత్తరాలు మార్చుకుని, ఒకరి జలాల్లో ఇంకొకరు చేపలు పట్టకూడదన్నారు. అప్పటికి రెండు నెలల క్రితమే ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వాన్ని రద్దు చేశారు. అడిగే అసెంబ్లీ కూడా లేదు. ఆ మంట న్యాయమైనదే అంటాను. కానీ సముద్రం అడుగు దాకా ఊడ్చే మన ట్రాలర్ బోట్ల వల్ల వలలు తెగి, చేప దక్కక నష్టపోయేది జాఫ్నా వైపు చిన్న జాలర్లు. వాళ్ళూ తమిళులే. ఆ రకం వేటని శ్రీలంక 2017లో నిషేధించింది. మావాడి పెదనాన్న ఒడ్డున కూర్చుని, "అక్కడ తెగేది కూడా నమ్మ ఆళ్ళ (మనవాళ్ళ) వలేనమ్మా" అన్నాడు. చెన్నైలో ఏ ధర్నాలోనూ నేనీ మాట వినలేదు. భాష కలిపినవాళ్ళని బతుకుతెరువు విడదీస్తే, చర్చలో గట్టిగా అరవగలిగినవాడే "మనవాడు"గా మిగులుతాడు. నాకు బాధ కలిగించేది ఇదే.

2025 సెప్టెంబర్‌లో అమెరికా హెచ్‌-1బి మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు మా తమ్ముడు సెలవు మీద కాకినాడలోనే ఉన్నాడు. అది కొత్త దరఖాస్తులకేనని స్పష్టత వచ్చేలోపు ఇల్లంతా టెన్షన్. ఆ రాత్రికి రాత్రే విమానం టికెట్ వెతికారు. అమ్మ ఫోన్ చేసి, "మన పిల్లల గురించి ఢిల్లీ వాళ్ళు మాట్లాడరా?" అని ఏడ్చింది. రంగం విషయంలో మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. మర్నాడు ఆఫీసులో ఈ సంగతి చెబితే, రామనాథపురం తమ్ముడు వీసా రూల్స్ గురించి ఒక్క మాటా ఎత్తలేదు. "టికెట్ దొరికిందా అక్కా?" అన్నాడు.