అల్లుడూ, "చూద్దాంలే" అన్నోళ్లను వదిలేయొద్దు

అల్లుడూ,

నిన్న మీయమ్మ ఫోన్ చేసింది, నువ్వు ఇండ్ల మీద సోలార్ ప్యానెళ్లు అమ్మే జాబ్ మానేస్తా అంటాండావంట, 40 మంది నంబర్లు తీసుకుంటే ఒక్కరు కూడా పెట్టించుకోలేదని రాత్రిపూట అన్నం కూడా సరిగ్గా తినడంల్యాదంట. అప్పటి నుంచి నాకు మనసంతా నీ మీదే ఉండాది. నేను అనంతపురం జిల్లాలో డ్రిప్ పైపులు, మోటార్లు అమ్ముతా 26 ఏండ్లు తిరిగినోణ్ని, అందుకే నాకు తెలిసింది రాస్తాండా, పెద్దగా ఉన్నా చివరిదాకా చదువు.

ఆ 40 మందిలో నోరు తెరిచి వద్దు అని చెప్పినోళ్లు ఎంతమందో లెక్కపెట్టు. ఐదారుమంది ఉంటారేమో. మిగతావాళ్లంతా "చూద్దాంలే అప్పా" అనుంటారు. చేతిలో డబ్బుల్లేకపోయినా అదే మాట, ఇంట్లో అడగల్ల అనుకున్నా అదే మాట, వీడు రేపు కూడా కనపడతాడా అని నీ మీద డౌట్ ఉన్నా అదే మాట. ఏ చూద్దామో కనుక్కునేది నీ పనిరా.

తాడిపత్రి పక్క ఒక చీనీతోట (బత్తాయితోట) రైతు ఉండె. మొదటిసారి పోతే బోరు వేసినాక చూద్దాంలే అన్న్యాడు. నేను ఆ మాట రాసి పెట్టుకోలే. నెల తర్వాత పోయి కూర్చునీ కూర్చోకముందే పైపుల రేట్లు మొదలుపెట్టినా, ఆయన తల వంచుకుని ఏమీ మాట్లాడలే, వాళ్ల ఇంటామె బయటికొచ్చి చెప్పింది, బోరు ఫెయిలయిందని, చెట్లు ఎండిపోతాండాయని. ఆ పొద్దు నాకు వచ్చిన సిగ్గు ఇప్పటికీ మర్చిపోలే. మళ్లీ పదిహేను రోజులకు పోయినా, క్యాటలాగ్ బండిలోనే పెట్టి, ఊరికే కూర్చుని మాట్లాడి వచ్చినా. అట్ల ఆ దారిన పోయినప్పుడల్లా పలకరిస్తా వచ్చినా, రెండేండ్లు. తర్వాత వేసిన బోరులో రెండించులు నీళ్లు పడినాయి, ఆ కొంచెం నీళ్లతో తోట నిలబెట్టుకోవాలంటే డ్రిప్పే దారి కదా, ఆయనే ఫోన్ చేసినాడు. అదే ఊర్లో ఇంకో నాలుగు తోటలు కూడా ఆయన చెప్తేనే వచ్చినాయి.

గుత్తిలో ఇంకొకాయన కూతురి పెండ్లి అయినాక రా అన్న్యాడు, నేను పోలే. ఏడాదికి చూస్తే వేరేవాళ్ల దగ్గర పెట్టించుకున్నాడు. అడిగితే "నువ్వు మళ్లీ రాలేదు కదప్పా, నీకు అవసరం లేదేమో అనుకున్యా" అన్న్యాడు.

కాబట్టి నోట్‌బుక్ పెట్టుకో. నంబరు ఒక్కటే కాదు, ఆ మనిషి అన్న మాట అన్నట్టే రాయి, పక్కన మళ్లీ ఎప్పుడు చేయల్లో డేట్ వేయి. ఆ డేట్ వాళ్ల వీలును బట్టి ఉండల్ల, మీ ఆఫీసులో నెలాఖరు టార్గెట్ ఉందని వాళ్లకేం పని? బుడ్డల (వేరుశనగ) రైతు ఇంటికి జూన్, జులైలో పోతే విత్తనాల ఖర్చులో ఉంటాడు, పంట అమ్మినాక నవంబర్, డిసెంబర్‌లో పో. ఆషాఢంలో అడ్వాన్స్ అడగొద్దు, శ్రావణం రానీ. ఏసీ ఉన్న ఇంటికయితే మే, జూన్‌లో కరెంటు బిల్లు చేతిలో పడినాక ఫోన్ చెయ్యి, అప్పుడు నువ్వు చెప్పేది చెవికెక్కుతాది. ఇంకోటి, మన పక్క శానా ఇండ్లల్లో పిల్లోళ్లు బెంగళూరులో ఉంటారు, ముసలోళ్లు వాళ్లనడగనిదే ఏదీ చేయరు, కొడుకు ఏ ఆదివారం వస్తాడో కనుక్కుని ఆ పొద్దు పో.

ఊరికే "ఏమైంది సార్, డిసైడయినారా" అని చేస్తే మూడోసారికి ఫోన్ ఎత్తరు. పొద్దున్నే గుడ్ మార్నింగ్ మెసేజులు కూడా వద్దు. చేసిన ప్రతిసారీ వాళ్లకు పనికొచ్చేది ఒకటి చెప్పు. ఇంటి మీద సోలార్ పెట్టించుకునేవాళ్లకు కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా 78 వేలు సబ్సిడీ అని నువ్వు మొదటి రోజే చెప్పింటావు, కానీ వాళ్ల భయం అది వస్తాదా రాదా అని. పని పూర్తయి నెట్ మీటర్ (వాడిన కరెంటు, సోలార్ నుంచి లైనుకు పోయిన కరెంటు రెండూ లెక్కపెట్టే మీటర్) పెట్టి అంతా ఓకే అయినాకనే వాళ్ల అకౌంట్‌లోనే పడతాదని, ముందు డబ్బు వాళ్లే కట్టుకోవాలని లేదంటే బ్యాంకు లోన్ తీసుకోవాలని ఉన్నదున్నట్టు చెప్పు. అదే వీధిలో పెట్టించుకున్నోళ్లుంటే వాళ్లనడిగి, ఒప్పుకుంటే వాళ్ల పాత బిల్లు, కొత్త బిల్లు చూపించు. రేపటితో సబ్సిడీ అయిపోతాదని మాత్రం ఎవరినీ తొందర పెట్టొద్దు, మీ మేనేజర్ చెప్పమన్నా చెప్పొద్దు. ఎల్లుండి కూడా అదే వీధిలో తిరగల్ల కదా నువ్వు.

గట్టిగా వద్దు అన్నోళ్లకు మళ్లీ చేయొద్దు. సరే అన్నా అని దండం పెట్టి, పేరు కొట్టేసి వచ్చేయి.

ప్రొద్దుటూరులో రిటైరయిన హెడ్‌మాస్టర్ సారు, డబ్బులు చేతికి రానీ అన్న్యాడని చెప్పినావు కదా, అది నాలుగు నెలల కిందటి మాట. ఈ పొద్దు సాయంత్రం ఆయనకు ఫోన్ చెయ్యి, డబ్బులొచ్చినాయా అని మొదలుపెట్టొద్దు, ఆరోగ్యం ఎట్లుంది సార్ అని అడుగు. ఆదివారం ఆ లిస్ట్ తీసుకుని అనంతపురం బస్సెక్కు, ఇద్దరం కూర్చుని ఎవరికి ఎప్పుడు చేయల్లో డేట్లు వేద్దాం, మీ అత్తకు ఉగ్గాని, బజ్జీ చేయమని ఇప్పుడే చెప్పినా.

మీ మామ