పేగు తీసేశాక కూడా కింద నొప్పి ఎందుకు?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లెటూరు, కొబ్బరితోట ఉంది. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు, అంటే అల్సరేటివ్ కొలైటిస్‌తో పదేళ్లు బాధపడ్డాను. మందులకు లొంగకపోవడంతో 14 నెలల కిందట విశాఖలో ఆపరేషన్ చేసి పెద్దపేగు మొత్తం తీసేశారు. మలం పడేందుకు పొట్ట మీద శాశ్వతంగా బ్యాగ్ పెట్టారు. దానికి అలవాటు పడ్డాను గానీ మలద్వారం లోపల నొప్పి మాత్రం పోలేదు. సాయంత్రానికి ఎక్కువవుతుంది. విరేచనానికి వెళ్లాలనిపిస్తుంది, వెళ్లి కూర్చుంటే ఒక్కోసారి తెల్లటి జిగురు పడుతుంది. ‘పేగే లేనప్పుడు నొప్పేంటి, అంతా నీ భ్రమ’ అంటున్నారు ఇంట్లో. మా ఊరి ఆర్‌ఎంపీ చేసే నొప్పి ఇంజెక్షన్‌తో ఒక పూట తగ్గుతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఇంజెక్షన్ ఆపండి. ఏ మందో మీరు రాయలేదు గానీ, ఊళ్లలో నొప్పికి ఎక్కువగా చేసేది డైక్లోఫెనాక్. అది కిడ్నీల మీద భారం వేస్తుంది. బ్యాగ్ ఉన్నవాళ్లకు ఈ భారం ఇంకా ఎక్కువ. పెద్దపేగు చేసే ముఖ్యమైన పని నీటిని, ఉప్పును తిరిగి ఒంట్లోకి పీల్చుకోవడం. అది లేకపోవడంతో మీకు ఆ రెండూ రోజూ బ్యాగ్‌లోకి పోతుంటాయి. పైగా మీది ఉద్దానం. కారణం కచ్చితంగా తేలకుండానే అన్నేళ్లుగా కిడ్నీ జబ్బులు వేధిస్తున్న నేల. అక్కడ ఎండలో తోటపని చేస్తూ, ఒంట్లో నీరు తగ్గి, దాని మీద ఇలాంటి నొప్పి మందులు వాడటం నాకైతే భయంగా ఉంది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒకసారి చేయించుకోండి.

నొప్పి తట్టుకోలేకపోతే పారాసిటమాల్ వాడొచ్చు. లివర్ జబ్బు లేకపోతే రోజంతా కలిపి మూడు గ్రాములు దాటకూడదు. కొనేటప్పుడు పేరు చూసుకోండి, అసిక్లోఫెనాక్ (ఇదీ డైక్లోఫెనాక్ లాంటిదే) కలిసిన బిళ్ల ఇచ్చేస్తుంటారు. ఇంకో మాట. కొబ్బరి బొండాలకు మీకు కొదవ లేదు, కానీ వాటిలో సోడియం తక్కువ, మీకు పోయేది ముఖ్యంగా సోడియమే. లీటరు నీళ్లలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలుపుకొని తాగండి. ఉప్పు వేసిన గంజి కూడా మంచిదే. బ్యాగ్‌లోకి రోజుకు లీటరున్నర దాటి పోతుంటే మాత్రం డాక్టర్‌ను కలవాల్సిందే.

ఇక మీ నొప్పి. అది భ్రమ కాదు. ‘మొత్తం తీసేశారు’ అని చాలామంది చెప్తారు. తీరా కాగితాలు చూస్తే తీసింది పెద్దపేగే, చివర ఉండే మలాశయం అలాగే ఉంటుంది. జిగురు పడుతోందని మీరు రాసిన ఆ ఒక్క ముక్కతో మీదీ అదేనేమోనని నా అనుమానం. తేల్చుకోవడం కష్టం కాదు. మలద్వారం మామూలుగానే ఉందా, కుట్లు వేసి మూసేశారా? మూసేసి ఉంటే సాధారణంగా మలాశయమూ తీసేసినట్టే. డిశ్చార్జి సమ్మరీలో ‘సబ్‌టోటల్ కొలెక్టమీ’ అనో ‘టోటల్ కొలెక్టమీ’ అనో ఉంటే సాధారణంగా మలాశయం మిగిలినట్టు. ‘ప్రోక్టోకొలెక్టమీ’ అని ఉంటే తీసేసినట్టు.

మిగిలి ఉంటే, మీ పాత జబ్బు ఆ ముక్కలో ఇంకా ఉండొచ్చు. లేదా మలం అటు రాకపోవడం వల్లే పొర వాచి ఉండొచ్చు. పెద్దపేగు పొరకు, మలంలోని బ్యాక్టీరియా పీచును పులియబెట్టి తయారుచేసే కొవ్వు ఆమ్లాలే ప్రధాన ఆహారం. ఆ దారి మూసేస్తే పొర పస్తులుంటున్నట్టే. అది వదిలే జిగురు లోపల గట్టిపడినప్పుడు మలం వచ్చినట్టే అనిపిస్తుంది. స్కోప్‌తో చూసి, అవసరాన్ని బట్టి వాపు తగ్గించే మెసలమైన్ లేదా స్టెరాయిడ్ మందులను కింది నుంచి పెట్టుకునేలా ఇస్తారు. గట్టిపడిన జిగురుకు గ్లిజరిన్ సపోజిటరీ (మలద్వారంలో పెట్టుకునే బిళ్ల) సాయపడుతుంది. ఊళ్లో ఎవరి చేతా ఎనిమా పెట్టించుకోవద్దు. నొప్పి తగ్గినా సరే, ఆ ముక్కకు క్రమం తప్పకుండా స్కోపీ చేయిస్తుండాలి, ఎందుకంటే ఏళ్ల తరబడి కొలైటిస్ ఉన్న మలాశయంలో క్యాన్సర్ రావచ్చు. మందులకు లొంగకపోతే దాన్ని తీసేయడమూ ఒక మార్గమే. అయితే మూత్రానికి, దాంపత్యానికి సంబంధించిన నరాలు ఆ పక్కనే ఉంటాయి. ఆ మాట సర్జన్‌ను సిగ్గుపడకుండా అడగండి.

మలాశయం తీసేసి ఉంటే లెక్క వేరు. అప్పుడు కింది నుంచి ఏ జిగురు పడినా మానని పుండో, లోపల చీమో ఉందని అనుమానించి ఎంఆర్‌ఐ తీయించాలి. అవేవీ లేకుండా నొప్పి, విరేచనానికి వెళ్లాలన్న తొందర మాత్రమే ఉంటే, కాలు తీసేసినవాళ్లకు లేని పాదం దురద పెట్టినట్టన్నమాట. అవయవం పోయినా నరాలు, మెదడు దాన్ని మర్చిపోవు. కొందరికి మరుగుదొడ్డిలో ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటే చాలు, ఆ తొందర సర్దుకుంటుంది. అలా తగ్గనివారికి నరాల నొప్పికి వాడే గబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్‌లలో ఒకటి తక్కువ డోసుతో మొదలుపెడతారు. డాక్టర్ రాస్తేనే వాడాలి. మత్తుగా ఉంటుంది కాబట్టి అది తేలేదాకా బండి నడపొద్దు, చెట్టెక్కొద్దు.

పదేళ్లు ‘ఎక్కడ ఆపుకోలేనో’ అన్న టెన్షన్‌తో బిగబట్టిన కింది కండరాలు ఆపరేషన్ అయ్యాక కూడా బిగుసుకునే ఉండొచ్చు. సాయంత్రానికి మీ నొప్పి పెరగడంలో వాటి పాత్ర ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్ల టబ్బులో పావుగంట కూర్చోండి, కింది భాగాన్ని వదులు చేస్తూ నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. కూర్చోవడానికి బొంత మడత వేసుకోండి. నడుమ చిల్లి ఉండే టైరు దిండు ఆపరేషన్ జరిగిన చోటును రెండు వైపులకూ లాగుతుంది, అది వద్దు.

జ్వరం, చీము, రక్తం, మూత్రం ఆగిపోవడం, బరువు తగ్గడం, రోజురోజుకూ నొప్పి పెరగడం, వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. బ్యాగ్‌లోకి ఏమీ రాకుండా వాంతులు మొదలైతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేకపోతే, రెండు వారాల్లోపు ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరకు వెళ్లండి. నొప్పి ఎప్పుడొస్తోందో, ఎంతసేపు ఉంటోందో, జిగురు ఏ రోజు పడిందో చిన్న పుస్తకంలో రాసి తీసుకెళ్లండి. భ్రమ అంటున్నవాళ్లలో ఒకరిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆ మాట డాక్టర్ నోటి నుంచే వింటారు.